కదిరామెది కదిరి కాదు

ధర్మవరం నేతవీధిలో కుళ్ళాయమ్మను కుళ్ళాయమ్మా అని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కాపురానికొచ్చిన నాటినుంచి ఆమె అందరికీ కదిరామె. కోడలిని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం ఆ సీమలో వాడుకే. తలుపుల నుంచి వస్తే తలుపులామె, పెనుకొండ నుంచి వస్తే పెనుకొండామె. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే, కుళ్ళాయమ్మది కదిరి కాదు.

ఆమెది ఓబులదేవరచెరువు దాటాక రెండు గుట్టల నడుమ ఉండే ఎర్రగుంటపల్లి. కదిరిని ఆమె చూసింది నరసింహస్వామి తేరునాడు, అదీ చిన్నప్పుడు నాయన భుజాల మీద కూర్చుని. కొత్త కోడలిగా ఉన్నప్పుడే నోరు తెరిచి ఆ మాట చెప్పింది.

"ఎర్రగుంటపల్లి అంటే ఎవురికి తెలుస్తాదే? కదిరి అంటే నర్సింహసామన్నా ఉండాడు," అని అత్త యశోదమ్మ కొట్టిపారేసింది.

మగడు ఆదెప్ప మంచివాడే. కాకపోతే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడంటే పక్కన పిడుగు పడినా తలెత్తడు. అతనూ "ఏ ఊరైతే ఏమిలే" అనేశాడు. ఏ ఊరైతే ఏమి! అనేవాళ్ళకేం, వాళ్ళ ఊరు వాళ్ళ కాళ్ళ కిందే ఉంది. కుళ్ళాయమ్మ ఇంక ఆ ఊసెత్తలేదు. కానీ వీధిలో ఎవరైనా కదిరమ్మా అని కేకేస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని ఒక్క క్షణం ఆగేది.

ఆమె కూతురు పుట్టేనాటికి ధర్మవరం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగి మంత్రసాని చేతులెత్తేస్తే, ఆదెప్ప భార్యను రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాడు. అక్కడ ఒక తెల్ల డాక్టరమ్మ కాన్పుల ఆసుపత్రి నడిపేది. ఆమె పేరు గ్వెన్. అది మన నోళ్ళలో పడి గెన్నమ్మ అయింది. ఊరంతా మాత్రం ఇంగ్లండు దొరసాని అనేవారు.

ఆ దొరసాని ఉదయం పట్టుకున్న చెయ్యి పొద్దు వాలేదాకా వదల్లేదు. నొప్పి ఎక్కువైనప్పుడల్లా సన్నగా ఒక పాట పాడేది. కుళ్ళాయమ్మకు అందులో ఒక్క మాట అర్థం కాలేదు, అయినా అది జోలపాటని తెలిసిపోయింది. ప్రాణం పోతుందనుకున్న వేళ ఆ పాటను పట్టుకునే ఆమె ఇవతలి గట్టు చేరింది. తల్లీ బిడ్డా దక్కాక, మంచం పక్కనున్న నర్సు యల్లక్కను అడిగింది.

"అమ్మ పాడిండేది ఇంగ్లీషేనా అక్కా?"

"ఇంగ్లీషైతే నాకు తెలీదా? అదేం బాసో ఏమో. మనసు కరిగినప్పుడు మాత్రం ఆయమ్మ నోట్లోంచి అదే వస్తాది," అంది యల్లక్క.

ఆ మాట కుళ్ళాయమ్మ మనసులో ముల్లులా దిగి ఉండిపోయింది.

బిడ్డ పెరిగింది. ఆదెప్ప మగ్గం గుంట ఉన్నచోటే ఉంది, పైన రాజ్యాలు మారాయి. మద్రాసు రాష్ట్రం పోయి ఆంధ్రరాష్ట్రం వచ్చింది, ఆ పేరు రాసిన సిరా ఆరకముందే ఆంధ్రప్రదేశ్ అయింది. గుంటలోంచి లేవకుండానే ఆదెప్ప మూడు రాష్ట్రాలు తిరిగొచ్చాడు. చీరలకోసం బొంబాయి నుంచి వచ్చే సేట్లకు ఇదేమీ పట్టలేదు. వాళ్ళ లెక్కన ధర్మవరం అప్పుడూ మద్రాసే, ఇప్పుడూ మద్రాసే.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, గెన్నమ్మ తన దేశానికి వెళ్ళిపోతున్నదని కబురొచ్చింది. వయసు మీద పడింది, ఇక తిరిగి రాదు. హిందూపురం పెద్దలు సభ చేసి ఆమెకు పట్టుచీర పెట్టాలనుకున్నారు. బెల్లం మండీ నాగభూషణం ఆ పనికి పెద్ద. చీర పురమాయించడానికి అతనే స్వయంగా ఆదెప్ప ఇంటికొచ్చాడు.

"ఏమప్పా ఆదెప్పా, చీర ఎట్లైనా నెయ్యి, నీ చెయ్యి నాకు తెల్సు. కొంగులో మాత్రం జరీతో అచ్చరాలు పడల్ల. 'ఇంగ్లండు గెన్నమ్మకు' అని."

గడపలో కండెలు చుడుతున్న కుళ్ళాయమ్మ రాట్నం టక్కున ఆగింది. "ఆయమ్మది ఇంగ్లండు కాదేమో అన్నా."

నాగభూషణం కడుపు కదిలేలా నవ్వాడు. "తెల్లోళ్ళంతా ఇంగ్లండోళ్ళే గదమ్మా. కాకుంటే యాడనుంచి ఊడిపడింటారు?"

అతను వెళ్ళాక ఆదెప్ప విసుక్కున్నాడు. "పెద్దోళ్ళు ఏం చెప్తే అది నేస్తాం. నీకేల మధ్యలో?"

"తప్పు ఊరు మోస్తే ఎట్లుంటాదో నీకేం తెల్సు," అంది కుళ్ళాయమ్మ. రాట్నం పక్కకు జరిపి మగ్గం దగ్గరికొచ్చింది. "నోటిమాటైతే గాలికి పోతాది. పట్టులో నేస్తే ఆయమ్మ ఉన్నన్ని దినాలూ పెట్టెలో ఉంటాది. నన్ను బతికించినామెకు మన మగ్గం మీదనుంచే తప్పు పేరు పోతాదా?"

ఆదెప్ప మొదటిసారి తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. "సరే. కొంగు నేసేది ఆఖర్నే గదా. అంతలోపల పోయి కనుక్కోనిరా."

కుళ్ళాయమ్మ రైలెక్కింది. పెనుకొండ రాగానే కిటికీలోంచి కొండను, కొండను చుట్టుకుని పైకి పాకిన కోటగోడలను చూసింది. ఎవరెవరో కట్టారు, ఎవరెవరో ఏలారు. ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. రైలుపెట్టెలో ఉన్నవాళ్ళంతా పెనుకొండ పెనుకొండ అంటున్నారు. ఆ కొండ తనను తాను ఏమనుకుంటుందో, పాపం, అనుకుంది. అనుకుని తన వెర్రికి తానే నవ్వుకుంది.

గెన్నమ్మ ఆసుపత్రి వసారాలో పుస్తకాలు పెట్టెకెత్తుతోంది. జుట్టు తెల్లబడింది, నడుం కాస్త వంగింది. బిడ్డను చూపించడానికి అప్పుడప్పుడూ వచ్చిపోయిన కుళ్ళాయమ్మను గుర్తుపట్టి, కాన్పునాడు ఆదెప్ప చెప్పిన పేరుతోనే, "రా కదిరమ్మా, కూతురు బాగుండాదా?" అంది. ఆమె తెలుగు హిందూపురం సంతలో నేర్చిన తెలుగు. బేరమాడితే కూరగాయలామెతో సమానంగా దుడ్లు దుడ్లు అనేది.

కుళ్ళాయమ్మ కూర్చోకుండానే అడిగేసింది. "అమ్మా, మీదే ఊరు?"

గెన్నమ్మ చేతిలో పుస్తకం చేతిలోనే ఉండిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"ఈ ఊర్లో ఇన్నేండ్లు బతికినాను. ఇంగ్లండుకు ఎప్పుడు పోతావని అందరూ అడిగినోళ్ళే. మీదే ఊరు అని అడిగినోళ్ళు లేరు. నాది ఇంగ్లండు కాదు. అదే దీవిలో ఒక మూల. కొండలు, గొర్రెలు, ఎప్పుడూ వాన. మా బాస వేరే. మా అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు."

"ఒగే దీవిలో ఇన్ని సీమలుంటే, అంతటినీ ఇంగ్లండు అంటారేంటికి?"

"బయటోళ్ళు ముందు దేన్ని చూస్తే దాని పేరే అంతటికీ తగిలిస్తారు. ఇప్పుడు కాదు, ఎప్పుడూ అంతే. ఈ సీమను రాజులేలినప్పుడు ఓడల మీద వచ్చినోళ్ళు, రాజు పేరు నరసింహుడని విని, రాజ్యం పేరే నరసింగ అని రాసుకున్నారంట. అంతదాకా ఏల? మా చెల్లెలు నేను మద్రాసులో ఉండానని ఈ పొద్దుటికీ అందరికీ చెప్తాది. నేను మద్రాసు చూసింది ఓడ దిగిన దినమే."

కుళ్ళాయమ్మ తన చీర అంచును వేళ్ళతో తడిమింది. "పేటంచు చీర మాదిరి," అంది.

"ఏమి?"

"మేం చీరంతా నేస్తామమ్మా. నడుమంతా ఒడలుండాది, కొంగుండాది, అంచుండాది. కొనేటోళ్ళ కన్ను ముందు అంచు మీద పడతాది. దాంతో చీర చీరంతా పేటంచు చీర అయిపోతాది. ఒడలు ఏం పాపం చేసిందని ఎవురూ అడగరు."

గెన్నమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అదే! అచ్చం అదే! నేను ఒడల్లో పుట్టినదాన్ని."

"అయితే మీ సీమ పేరేందమ్మా?"

"బయటోళ్ళు వేల్సు అంటారు. ఆ పేరు పెట్టింది పక్కనుండే ఇంగ్లండోళ్ళే. దాని అర్థం చెప్తే నవ్వుతావు. పరాయోళ్ళు అని."

"అయ్యో! మీ ఇంట్లో మీరుంటే మిమ్మల్నే పరాయోళ్ళు అన్నారా?"

"అన్నారు. మేం మాత్రం మమ్మల్ని అట్ల అనుకోం. మా నోట దాని పేరు కమ్రి. అంటే..." ఆమె తెలుగుమాట కోసం చూరుకేసి చూసింది. "ఒగే నేల మీద కలిసి బతికేటోళ్ళు. మీరు రోజూ అంటారే... ఆ. మనోళ్ళు."

కుళ్ళాయమ్మ ఆ మాటను మెల్లగా తిరిగి పలికింది. ఇంగ్లండు అనే పెద్ద పేరు విప్పితే దాని కింద ఇంకో పేరు. అదీ పరాయివాళ్ళు కప్పిన గుడ్డే. దాన్నీ తీస్తే, అట్టడుగున, ఏడు సముద్రాల అవతల, వాన కురిసే ఏ కొండల్లోనో, ఎర్రగుంటపల్లిలో తన అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని అనే మాటే. మనోళ్ళు. పేర్లన్నీ ఊడిపోయాక ప్రతి దేశం కిందా ఆ మాటే ఉంటుందా? లోకం ఇంత పెద్దదా అని నోరు తెరవాలో, ఇంత చిన్నదా అని చెయ్యెత్తి మొక్కాలో ఆమెకు తోచలేదు. వసారా స్తంభాన్ని పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

"ఏమైందే కదిరమ్మా?"

అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు. "నాదీ కదిరి కాదమ్మా," అంది. అని, తన అసలు పేరు గురించి, ఎర్రగుంటపల్లి గురించి, రెండు గుట్టల గురించి, నాయన నేసిన ముతక పంచెల గురించి అంతా చెప్పింది. గెన్నమ్మ పుస్తకాలు పక్కన పెట్టి వింది. అయ్యాక, "ఇన్నేండ్లు నేనూ అట్లే పిలిచినాను," అని తన నెత్తిమీద తానే ఒకటి మొట్టుకుంది.

కొంగు మొదలుపెట్టే వేళకు నాగభూషణం మళ్ళీ వచ్చాడు. కుళ్ళాయమ్మ సంగతంతా చెప్పింది. అతను తల గోక్కున్నాడు.

"నిజమే కావచ్చుమ్మా. కానీ కమ్రి అంటే సభలో ఎవురికి తెలుస్తాది? ఇంగ్లండు అంటే అందరికీ తెల్సు."

అచ్చం అత్త మాటే. కుళ్ళాయమ్మకు ఒకప్పుడైతే నోరు పడిపోయేది. ఇప్పుడు పడిపోలేదు. "ఇంగ్లండూ వద్దు, కమ్రీ వద్దన్నా. అందరికీ తెలిసిన మాటే నేస్తాం," అని ఆ మాటేదో చెప్పింది.

నాగభూషణం దాన్ని రెండుసార్లు తనలో అనుకుని చూసుకున్నాడు. "బాగుండాదే!" అన్నాడు. ఎందుకు బాగుందో అతనికి సగమే తెలుసు. మిగతా సగం తెలియాల్సిన మనిషికి తెలుస్తుందని కుళ్ళాయమ్మ ఊరుకుంది.

సభనాడు ఆసుపత్రి ముందర షామియానా వేశారు. చుట్టుపక్కల పల్లెలనుంచి పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చారు. కుళ్ళాయమ్మ, ఆదెప్ప వెనక వరసలో కూర్చున్నారు. కుళ్ళాయమ్మ చూపు చీర మీదే ఉంది. ఆయమ్మ తెలుగు చదవగలదు, కానీ చీరను మడతమీదే పెట్టెలో పెట్టేసుకుంటేనో? లేక చూసి, ఇదేదో మామూలు మాటనుకుంటేనో?

నాగభూషణం చీర విప్పి కొంగు పట్టుకున్నాడు. ఎర్రటి పట్టు మీద జరీ అక్షరాలు ఎండకు తళుక్కుమన్నాయి. 'మనోళ్ళ గెన్నమ్మకు'. జనమంతా ఈలలు, చప్పట్లు. మన గెన్నమ్మ, మనామె, నిజమే గదా అనుకున్నారు.

గెన్నమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొంగు దగ్గరికి తీసుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది. 'మనోళ్ళ' అన్నచోట వేలు ఆగిపోయింది. పెదవులు కదిలాయి. వెనక వరసకు వినిపించకపోయినా, ఆమె ఏ భాషలో ఏ మాట అంటోందో కుళ్ళాయమ్మకు తెలిసింది. ముసలామె కళ్ళు ధారలు కట్టాయి.

చీరను భుజాన వేసుకుని మైకు దగ్గరికొచ్చింది. "నా దేశం పేరు మీరు సరిగ్గా రాసినారు," అంది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "దీన్ని నేయించినామె ఈడే ఉండాది. ఎర్రగుంటపల్లి కుళ్ళాయమ్మ."

మైకులో ఆ పేరు షామియానా దాటి, రోడ్డు దాటి మోగింది. పుట్టింటి గడప దాటాక కుళ్ళాయమ్మ ఆ రెండు మాటలు పక్కపక్కన వినడం ఇదే.

ముందు వరసలోంచి ఎవరో తల తిప్పి అడిగారు. "ఎర్రగుంటపల్లా? అది యాడుండాదబ్బా?"

ఆదెప్ప భార్య మోచేతిని మెల్లగా తట్టాడు. "నిన్నే అడుగుతాండారు, చెప్పు."

కుళ్ళాయమ్మ లేచి నిలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, తూర్పుగా చెయ్యి చాపింది. "ఓబులదేవరచెరువు తెల్సునా మీకు?" అంది. "దాన్ని దాటినాక రెండు గుట్టలు కనపడతాయి..."