బాడుగ బొమ్మకు పూలదండ

ప్రొద్దుటూరులో గురునాథశెట్టి తన బంగారం అంగడిని కొత్తగా తీర్చిదిద్దించాక, తలుపు తీయగానే కనబడేలా ఒక రాతి ముసలమ్మను కూర్చోబెట్టాడు. మోకాలి మీద మోచెయ్యి, అరచేతిలో గడ్డం, ఇంకాసేపట్లో నవ్వబోతున్న ముఖం. ఆ నల్లరాతి బొమ్మను చెక్కింది జమ్మలమడుగు నందిని. కొనడానికి శెట్టికి మనసొప్పలేదు. "ఏడాది బాడుగకు పెట్టుకో అన్నా. నచ్చితే కొనుక్కో, కట్టిన బాడుగ ధరలో తగ్గిస్తా. నచ్చకుంటే తీసకపోతా" అని ఆ అమ్మాయే దారి చూపింది.

బొమ్మ వచ్చిన కొత్తలోనే పులివెందుల నుంచి ఇందిరమ్మ వచ్చింది. పెద్ద రైతుల ఇల్లు వాళ్లది. వాళ్లింట్లో ఎవరి పెళ్లయినా నగలు ఈ అంగడిలోనే. ఆమె బొమ్మను ఎగాదిగా చూసింది.

"మీ అమ్మనా శెట్టీ? అచ్చం నీ ముక్కే!"

కాదమ్మా, బాడుగకు తెచ్చినాను అనడానికి ఎంతసేపు? కానీ బంగారం అమ్మేవాడి నోట బాడుగ అన్న మాట వస్తుందా? బొమ్మే బాడుగదైతే నగలెవరివో అనుకోరూ? అబద్ధమాడటానికి శెట్టికి నోరు కూడా అవసరం కాలేదు. తల ఊపాడు, అయిపోయింది.

ఇందిరమ్మ చెప్పులు విడిచి ఆ రాతి పాదాలకు మొక్కింది. మళ్లీ వచ్చినప్పుడు మల్లెపూల దండ తెచ్చి, "పోయిన తల్లిని బోసిగా పెడతారా యాడన్నా?" అని మందలించి మరీ వేయించింది. అప్పట్నుంచి రోజూ దండ, పక్కన దీపం. బతికున్నవాళ్ల పటానికి మన వైపు ఎవరూ దండ వేయరు కాబట్టి, అంగడికి వచ్చినవాళ్లు ఇక ఏమీ అడగలేదు. శెట్టివాళ్ల చచ్చిపోయిన అమ్మ అని వాళ్లే అనుకున్నారు.

నిజానికి శెట్టి తల్లి ఆయన ఉయ్యాలలో ఉండగానే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. పొద్దున్నే దండ వేస్తూ ఎవరూ లేనప్పుడు "అమ్మా" అని గొణిగేవాడు. అలా పిలవడం హాయిగా ఉండేది. వెంటనే తల కొట్టేసినట్టయ్యేది. ఊరిని మోసం చేసింది చాలక తల్లిని కూడా బాడుగకు తెచ్చుకున్నానే అని తనను తాను తిట్టుకునేవాడు, మర్నాడు మళ్లీ పిలిచేవాడు.

బాడుగ ఫోన్‌లోనే పోతుండేది కనుక నందిని అటు రాలేదు. ఏడాది నిండినాక వచ్చింది, కొంటారో ఇచ్చేస్తారో అడగడానికి. వెంట తన తల్లి వనజమ్మను తీసుకొచ్చింది. బండలు నునుపు చేసే పనికి పోయే మనిషి, తన బొమ్మను బంగారం అంగడిలో చూసుకోవాలని ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇందిరమ్మ గాజులు చేతికి ఎక్కించుకుని చూసుకుంటోంది.

వనజమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. దండ చూసింది. దీపం చూసింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఏంది పాపా ఇది? నేనేమన్నా సచ్చిపోయినానా?"

నందిని ముఖం ఎర్రబడింది. "అన్నా, మాయమ్మకు దండేసినావేంది?"

ఇందిరమ్మ రాతి ముఖాన్నీ మనిషి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "ఎవురు శెట్టీ ఈమె?"

గురునాథశెట్టి ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి వనజమ్మ వైపు చూశాడు. ఆయన అవస్థ వనజమ్మ కనిపెట్టింది. కూతురి చెయ్యి మెల్లగా నొక్కి, "వాళ్లమ్మ మాకు అక్క అయితాదిలేమ్మా. ఇద్దరిదీ ఒకటే పోలిక" అంది.

శెట్టి గండం గట్టెక్కాడు. ఒక్క నిమిషం, అంతే. "అక్కను జూసినట్టే ఉంది తల్లీ" అంటూ ఇందిరమ్మ వనజమ్మ కాళ్లకు వంగబోయింది. వనజమ్మ బిత్తరపోయి, రాతిదుమ్ముకు పగిలిన పాదాలను చీర అంచు కిందికి లాక్కుంది. అది చూడలేకపోయాడు శెట్టి.

"వద్దమ్మా! ఆమె నన్ను కాపాడాలని చెప్తాంది. అది బాడుగకు తెచ్చిన బొమ్మ. ఈమెను చూసి చెక్కింది. మాయమ్మ ముఖం ఎట్లుంటాదో నాకే తెలీదు."

అంగడిలో ఉన్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. ఇందిరమ్మ ఒక్కొక్క గాజూ తీసి పళ్లెంలో పెట్టింది.

"బాడుగ రాతికి నాతో మొక్కించినావు గదా శెట్టీ. ఈ గాజులన్నా నీవేనా?" అని వెళ్లిపోయింది.

శెట్టికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన చేత్తోనే దండ తీశాడు, దీపం కొండెక్కించాడు. "తీసకపో నందినీ. కొంటాననే ముఖం నాకు లేదు" అన్నాడు.

నందిని ఫోన్ తీసి బండి వాడికి చెయ్యబోతే వనజమ్మ ఆపింది. బొమ్మ దగ్గరికి వెళ్లి, ఆ చల్లని చెంప ఒకసారి తడిమి చూసుకుంది.

"రోజూ దండేసేటప్పుడు ఏమనుకుంటాంటివి నాయనా?"

ఆయన తీసిన దండను చేతికి చుట్టుకున్నాడు. "అమ్మా అని..." అన్నాడు.

"అయితే కొనుక్కో. ఉండనీ ఈడనే. దండ మాత్రం ఇప్పుడొద్దు. నేను పోయినప్పుడు మా పాప ఫోన్ చేస్తాది. అప్పుడెయ్యి."