పత్తికట్టె అడ్డు

తెడ్డు దెబ్బ జక్రయ్య మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కట్ట కింద మిరప చేలో ఉన్న బాపయ్యకు వినబడింది.

పట్నం మురుగునీరు వచ్చి నిలిచే మూడు చెరువులకు జక్రయ్య కాపలా. మడ్డి మొదటి చెరువులో దిగుతుంది. మూడో చెరువులో నీరు తేరాకే తూము ఎత్తి కాలువలోకి వదలాలి. ఆ కాలువ సముద్రం పక్కనున్న ఏట్లో కలుస్తుంది. ఏటి మీద బతికే జాలర్లు పొద్దున్నే రెండు ట్రాక్టర్లలో వచ్చి దిగారు. వచ్చేసరికి మొదటి చెరువు కట్టకు గండి పడి ఉంది. గండిలో పార పట్టుకుని జక్రయ్య ఉన్నాడు.

"పూడుస్తున్నానన్నా! తెగ్గొట్టింది నేను కాదు."

"ఏరంతా చేపలు తేలాయిరా," అన్నాడు జాలర్ల పెద్ద కోటేష్. "పీతలు ఒడ్డెక్కి మరీ చచ్చాయి. ఎవడికోసం కోశావురా కట్ట?"

రెండో దెబ్బ వీపు మీద పడింది. జక్రయ్య బురదలో బోర్లా పడ్డాడు.

బాపయ్య కదల్లేదు. సాగర్ కాలువకు నీళ్లు వదలని ఏడాది అది. ఆదివారం జక్రయ్య చర్చికి పోగానే బాపయ్య ఆ కట్టను మూరెడు కోసి, మడ్డినీళ్లు బోదెలోకి తిప్పి చేనుకు పెట్టేవాడు. యూరియా అక్కర్లేని నీళ్లు. చేను తడిశాక, పొలం గట్టుకు వేసినట్టే పత్తికట్టె మోపు అడ్డం పెట్టి బురద మెత్తేవాడు. పొలంలో జానెడు నీళ్లకు ఆ అడ్డు ఆగుతుంది. చెరువు మనిషి నిలువు లోతు. మొన్న ఆదివారం వేసిన అడ్డు నిన్న రాత్రి తెగింది. చెరువులోని మడ్డి బోదె దాటి కాలువలో పడి ఏటికి పోయింది.

బాపయ్య పెళ్లాం గురవమ్మ అతని దగ్గరకు వచ్చింది.

"చంపేస్తారయ్యా వాణ్ణి. పోయి చెప్పు."

"చెబితే చేను పీకేస్తారే."

"కట్టె చూసినప్పుడే వాడికి తెలిసుంటుంది నువ్వేనని. అయినా నీ పేరెత్తలేదు."

"ఒక్క కోత రానీ."

పైన కోటేష్ గండిలోంచి పత్తికట్టె మోపు లాగాడు. దాన్ని పట్టుకుని చుట్టూ చూశాడు. కనుచూపు మేరలో పత్తికట్టె వామి ఒక్కటే ఉంది, బాపయ్య గట్టున.

"ఒరేయ్, అదుగోరా దొంగ!"

అందరూ కట్ట దిగారు. బాపయ్య పార ఎత్తి గట్టు మీద నిలబడ్డాడు.

"చేలో అడుగుపెడితే నరుకుతా!"

వాళ్లు రెండు పక్కల నుంచీ దిగారు. తెడ్లతో చెట్లను బాదారు. వేళ్లతో సహా పీకి బోదెలోకి విసిరారు. అడ్డం వెళ్లిన బాపయ్య నెత్తి పగిలింది. రక్తం కంట్లోకి కారింది.

కోటేష్ నడుమెత్తు చెట్టును పీకి, తిరగేసి దులిపాడు. ఒక్క కాయ రాలలేదు.

"ఇదేంట్రా? మిరప వేశావా, తోటకూర వేశావా?"

జాలర్లు నవ్వారు.

బాపయ్యకు ఆ సంగతి కొత్త కాదు. పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. నీళ్ల బలమంతా ఆకుకే పోతోంది. నాలుగు ఎండలు కాస్తే కాయ పడుతుందని పెళ్లానికి చెబుతూ వచ్చాడు.

కోటేష్ ఆ చెట్టును అతని మొహాన కొట్టాడు. "ఈ ఆకు కోసమా మా ఏటిని చంపావు?"

పార దిగింది. కోటేష్ మోకాలి కింద కండ తెగి ఎముక కనిపించింది. అతను అరుస్తూ చాళ్లలో కూలబడ్డాడు. మిగతావాళ్లు బాపయ్య మీద పడ్డారు. తెడ్లు లేచాయి, పడ్డాయి. బాపయ్య అరుపు ఆగిపోయినా ఇంకా లేస్తూనే ఉన్నాయి.

"ఆపండిరా! కట్ట చూడండి!" అని కేకవేసింది గురవమ్మ.

గండి ఇందాకటికంటే వెడల్పయింది. నల్లనీరు కాలువలోకి దూకుతోంది. జక్రయ్య ఒక చెయ్యి వేలాడేసుకుని, రెండో చేత్తో బురద తోడి గండిలో వేస్తున్నాడు. వేసింది వేసినట్టే కొట్టుకుపోతోంది.

గురవమ్మ మొగుడి చేతి కిందున్న పార తీసుకుంది. దాని మీది రక్తం తుడవలేదు. కట్ట ఎక్కి, జక్రయ్య పక్కన గండిలోకి దిగింది.