లాండ్రీ వెనక జుజుత్సు

జుజుత్సు అనే మాట పలకడానికే నోరు తిరగని నాకు, దాన్ని నేర్పే నమ్మకమైన బడి మా ఇంటి దగ్గర ఎక్కడుందో వెతికే పని వచ్చిపడింది. అది కూడా సోమవారం లోపు.

నేను నర్సుని. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళ వార్డు మాది. నాకు కోపం ఎక్కువ, గొంతు అంతకన్నా పెద్దది. "ఎవరూ కదలకండి!" అని నేను అరిస్తే డాక్టర్లు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. అలాంటిదాన్ని, పోయిన నెల రైలు బాబాయి చేతిలో గోడకి కొట్టుకున్నాను.

ఆయన మా వార్డులోనే ఉంటారు. రోజూ సాయంత్రమయ్యేసరికి రైలు వెళ్ళిపోతోందని కంగారుపడతారు కాబట్టి అందరం ఆ పేరే ఖాయం చేశాం. ఆ రోజు ఆయన మెట్ల తలుపు వైపు పరిగెడుతుంటే అడ్డం వెళ్ళాను. నా మణికట్టు పట్టుకున్నారు, మెలితిప్పారు, విసిరికొట్టారు. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడానికి వణికే చేతుల్లో అంత బలం ఎక్కడిదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎముక విరగలేదు. వాపు తగ్గింది. కమిలిన చోట రంగు కూడా మామూలైంది. పోనిది ఒక్కటే, భయం. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే చాలు, గుండె జారిపోతోంది. రోడ్డు దాటుతూ మా ఆయన అలవాటుగా చెయ్యి పట్టుకుంటే, నడిరోడ్డు మీద విదిలించుకుని కేక పెట్టాను. బళ్ళన్నీ ఆగాయి. అందరూ ఆయన్నే అదోలా చూశారు, పాపం.

సెలవు అయిపోవస్తోందనగా మా హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"సోమవారం వార్డుకొస్తావా, రికార్డుల గదికి మార్చమంటావా? ఏదైనా పర్లేదమ్మా. నీకెలా వీలైతే అలాగే."

అంత మెత్తగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. రికార్డుల గదిలో ఫైళ్ళ మీద అరుస్తూ కూర్చోనా? నాకు నా వార్డు కావాలి. పొద్దున్నే దుప్పటి సర్దుతుంటే రోజూ కొత్తగా "నువ్వెవరమ్మా?" అని అడిగే ఆ ముసలివాళ్ళు కావాలి. కానీ ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. రెండూ నిజమే. రెండూ కలిసి నన్ను నమిలేస్తున్నాయి.

మా ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. పాతకాలపు జపాన్ జుజుత్సు అని ఒక విద్య ఉందట. ఒట్టి చేతులతో, ఎదుటివాళ్ళకి దెబ్బ తగలకుండా పట్టు విడిపించుకోవడం నేర్పుతారట. "కానీ పేరున్న పాత బడి చూసుకోండి. ఆ పేరు చెప్పి ఏదిపడితే అది నేర్పేవాళ్ళున్నారు" అంది. ఏది పాతదో, ఏది ఏదిపడితే అదో తెలిస్తే నేను ఈమెని ఎందుకు అడుగుతాను?

మా ఇంట్లో అనుమానాల శాఖ మా ఆడపడుచుది. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తుంది. ఎవరైనా కాలు విరిగిందని చెబితే, ముందు ఏ కాలు అని అడుగుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఫోన్ పట్టుకుని చదివి తేల్చింది.

"వదినా, చాలా తేలిక. నిజమైన పాత బడి అయితే గురువు తన గురువెవరో చెప్పగలగాలి. ఆయన గురువెవరో, ఆ పైన ఎవరో కూడా చెప్పాలి. పెళ్ళిసంబంధం అనుకో. ముందు వెనకలు కనుక్కోవడమే."

"నేను నేర్చుకోవడానికి వెళుతున్నానే, కాపురానికి కాదు."

"ఒకసారి గోడకి కొట్టుకున్నావుగా. ఈసారన్నా కనుక్కుని వెళ్ళు."

మేమిద్దరం కలిసి చూసిన మొదటి బడి షాపుల పై అంతస్తులో ఉంది. ‘ప్రాచీన జపాన్ జుజుత్సు’ అని తలుపు కన్నా పెద్ద బోర్డు. లోపల గోడ నిండా కప్పులు, పతకాలు, అద్దాల్లో జపాన్ అక్షరాలు. గురువుగారు నల్ల బట్టలు వేసుకుని, బుజాల మీద రకరకాల బిళ్ళలు కుట్టించుకున్నారు. మేం కూర్చోగానే ఒక శిష్యుణ్ణి పిలిచి వేలితో ఛాతీ మీద తాకారు. శిష్యుడు ఎగిరి అవతల పడ్డాడు. రెండోవాణ్ణి తాకకుండానే పడేశారు. నేను నోరు తెరిచాను. మా ఆడపడుచు కళ్ళు చిట్లించింది.

"సోమవారానికి నాకు భయం పోవాలండీ" అన్నాను.

"ఆదివారానికే పోతుంది" అన్నాడాయన.

ప్రాణం లేచొచ్చింది. ఈలోగా మా ఆడపడుచు తన ప్రశ్న వేసింది. మీ గురువుగారెవరండీ?

"కొండల్లో ఉంటారు. పేరు బయటపెట్టనని మాటిచ్చాను" అన్నాడు గంభీరంగా.

మెట్లు దిగుతూ నేను తగువేసుకున్నాను. "తాకకుండా పడేశాడే! నీ కళ్ళతో చూశావుగా!"

"పడినవాడు ముందు వెనక్కి తిరిగి మ్యాట్ ఎక్కడుందో చూసుకున్నాడు వదినా. నేను వాణ్ణే చూశాను."

రెండోది మా వీధి చివరే. అద్దాల గోడ, తెల్లటి లైట్లు, చెమట వాసన. జంటలు జంటలుగా కుర్రాళ్ళు నేల మీద పెనవేసుకుని దొర్లుతున్నారు. నేర్పే అబ్బాయి లేచి వచ్చి, చెమట తుడుచుకుంటూ విన్నాడు.

"మాది పోటీల ఆటండీ. పేరు దాదాపు అదే గానీ మీరడిగే పాతది కాదు. పాతదే కావాలంటే లాండ్రీ వెనక ఒకాయన ఉన్నాడు. బోర్డు ఉండదు. నేను ఒకసారి వెళ్ళాను, నాకు ఓపిక చాలలేదు" అన్నాడు.

బయటికొచ్చాక నాకు పూర్తిగా తల తిరిగింది. తనది ప్రాచీనమని బోర్డు పెట్టినవాడు కాదట. బోర్డు లేనివాడు అవునట. తనది కాదని చెప్పినవాడేమో నిజాయితీపరుడిలా ఉన్నాడు. నిజాయితీపరుడి దగ్గర చేరిపోదామంటే, ఆయన నేర్పేది నాక్కావలసింది కాదు. మా వార్డులో ఎవరికేం గుర్తుందో కనిపెట్టడం ఇంతకన్నా సులువు.

లాండ్రీ వెనక సందులో, ఆవిరి గొట్టం పక్కన, సగం ఎత్తిన షట్టర్ కింద వంగి లోపలికి వెళ్ళాం. ఒకప్పటి గిడ్డంగి. నేలంతా మ్యాట్లు పరిచి ఉన్నాయి. గోడ మీద కప్పు లేదు, పతకం లేదు, ఫొటో కూడా లేదు. ఎవరూ రండి అనలేదు. వాకిట్లో చెప్పులు విప్పుతున్న ఒకావిడ మాత్రం, "ముందు పూర్తిగా చూడాలండీ. చూశాకే మాటలు" అని బెంచీ చూపించింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఆ యూనిఫాం మీద తెల్ల అంగీ తగిలించుకుంటూనే మ్యాట్ మీదికెళ్ళింది.

ఆవిడకి ఎదురుగా ఒక బక్కపలచని ముసలాయన నిలబడ్డాడు. మా వార్డులో ఉండాల్సిన వయసు. ఇద్దరూ వంగి దండం పెట్టుకున్నారు. ఆయన మెల్లగా చెయ్యి చాచి ఆవిడ మెడపట్టీ పట్టుకున్నాడు. ఆవిడ పక్కకి తిరిగి, ఆయన్ని ఎత్తి దభీమని నేలకేసింది. ఆయన లేచాడు, అంగీ సర్దుకున్నాడు, మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ దభీమని.

"గురువు ఈవిడేనన్నమాట" అంది మా ఆడపడుచు. "బలంగానే ఉంది."

"ఆ పెద్దాయనకి ఈ వయసులో ఇదేం సరదానే? ఇంట్లోవాళ్ళు ఎలా పంపుతున్నారు?"

ఆవిడ పడేస్తూనే ఉంది. అటుపక్క సాధన చేస్తున్న జంటల్లో కూడా తల నెరిసినవాళ్ళే కిందపడుతున్నారు, కొత్తవాళ్ళలా తడబడేవాళ్ళు పైన ఉంటున్నారు. నాకు ఒళ్ళు ఉడికిపోయింది. రాత్రీపగలూ ముసలివాళ్ళు పడకుండా కాపు కాసే ఉద్యోగం నాది. ఇక్కడేమో వాళ్ళని వరసపెట్టి పడేయడమే చదువు! ఇంతలో ఆవిడ ఆ పెద్దాయన్ని బోర్లా పడేసి, చెయ్యి వెనక్కి మడిచి, మోకాలు ఆనించింది. ఆయన అరచేత్తో నేలని తట్టాడు. ఆవిడ వదిలేసింది. ఆయన మాత్రం లేవలేదు. కదల్లేదు.

"ఎవరూ కదలకండి!"

అది నా గొంతే. అందరూ ఆగిపోయారు. నేను అప్పటికే మ్యాట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆయన్ని వెల్లకిలా తిప్పి, మణికట్టు పట్టుకున్నాను. నాడి గబగబా కొట్టుకుంటోంది. రెప్ప ఎత్తి కన్ను చూశాను. ఆ కన్ను కూడా నన్ను చూసింది.

"అమ్మా" అన్నాడాయన నింపాదిగా. "చెప్పులు."

చూసుకుంటే, చెప్పులతోనే మ్యాట్ ఎక్కేశాను. ఆ చివర ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు డ్రైవరావిడ తల వంచుకుని, "మా మాస్టారండీ. చివర్లో అలా కాసేపు పడుకునే ఉండాలి. అదీ పాఠంలో భాగమే" అంది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పులు చేత్తో పట్టుకుని బెంచీ దగ్గరికొచ్చి కూర్చున్నాను. అందరూ వెళ్ళాక ఆయన మా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మీరు మాస్టారైతే మీరెందుకండీ పడతారు?" అని అడిగాను. సిగ్గుగా ఉన్నా నా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఇది పాత పద్ధతమ్మా. కొత్తగా వచ్చినవాళ్ళు పడేయాలి, తెలిసినవాళ్ళు పడాలి. రానివాళ్ళని పడేస్తే వాళ్ళకి దెబ్బ తగులుతుంది. నాకైతే పడటం వచ్చు కదా."

"గెలిచేదెప్పుడు మరి?" అంది మా ఆడపడుచు.

"మొదటిరోజే గెలుస్తారు. బాగా వచ్చాక ఇంక ఓడిపోవడమే."

అయినా ఆమె, మీ గురువెవరని అడగనే అడిగింది. ఆయన గురువు పళ్ళ డాక్టరట. ఆయన జపాన్‌లో ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నారట, ఆవిడ వాళ్ళ నాన్న దగ్గర. ఆ బడి చిరునామా కూడా చెప్పి, "ఉత్తరం రాసి అడగండి. జవాబు వస్తుంది, ఆలస్యంగా" అన్నాడు. కొండలు లేవు, ఒట్లు లేవు. ఇంత చప్పగా ఉన్నది నిజమేనా, లేక చప్పగా చెబితే నమ్ముతారని తెలిసినవాడా? నాకేం తేలలేదు.

రైలు బాబాయి సంగతంతా చెప్పాను. చివర్న, "సోమవారానికి ఏదన్నా నేర్పండి" అన్నాను.

"సోమవారానికి నేనేమీ నేర్పలేనమ్మా."

ఏడుపు ముంచుకొచ్చింది. "ఇంకొకాయన ఆదివారానికే అన్నాడండీ!"

"అయితే ఆయన నాకన్నా గొప్పవాడు" అన్నాడు. వెటకారమేమో అని చూశాను. కాదు. "ఇంతదూరం వచ్చారు కాబట్టి, ఒకసారి నన్ను పడేసి వెళ్ళండి."

"నా చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు. నా వల్ల కాదు."

"మీది ఎవరూ పట్టుకోరు. మీరే నాది పట్టుకోండి."

ఎముకలు తేలిన మణికట్టు నా ముందు చాపాడు. పట్టుకున్నాను. పట్టుకోగానే, ఇన్నేళ్ళ అలవాటు, నా వేళ్ళు వాటంతటవే నాడి దగ్గరికి జరిగాయి. నాడి పరిగెడుతోంది. ఇంతసేపు కూర్చునే ఉన్నాడు, ఆయాసం తీరిపోయి ఉండాలి.

"మీకు ఒంట్లో బాగోలేదండీ. నాడి చాలా వేగంగా ఉంది."

"ఒంట్లో బాగానే ఉందమ్మా. భయం."

"దేనికి?"

"మీకేమీ రాదు కదా. ఇప్పుడు నన్ను పడేయబోతున్నారు."

నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వడం లేదు. "ఇన్నేళ్ళయినా పోలేదా?" అని అడిగాను.

"లేదు. నేనూ ఎదురుచూశాను. ఇప్పుడు చూడటం మానేశాను." ఇంకో చేత్తో, బిగుసుకున్న నా బుజాన్ని చూపించాడు. "అలా ఎదురు లాగకండి. నేను ఎటు లాగితే అటు ఒక్క అడుగు వేయండి. అంతే."

ఒక్క అడుగు వేశాను. ఏం చేశానో తెలియదు గానీ ఆయన పడ్డాడు. పడుతున్నంతసేపూ నా వేళ్ళ కింద ఆ నాడి దడదడలాడుతూనే ఉంది.

ఇంటికి వెళుతూ మా ఆడపడుచు, "ఇది నిజమైనదేనంటావా వదినా?" అంది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఏది నేర్చుకున్నానో, అసలు నేర్చుకున్నానో లేదో కూడా తెలియదు.

సోమవారం వార్డుకే వెళ్ళాను. పొద్దున్నంతా బాగానే గడిచింది. సాయంత్రం మందుల ట్రే పట్టుకుని వెళుతుంటే, వెనకనుంచి చెప్పుల చప్పుడు వినబడింది. తిరిగేలోపే రైలు బాబాయి నా మణికట్టు పట్టుకున్నారు. అదే చెయ్యి. గుండె జారిపోయింది. కేక గొంతు దాకా వచ్చింది.

"రైలు వెళ్ళిపోతోంది!" అంటూ మెట్ల తలుపు వైపు లాగుతున్నారు. ట్రే బల్ల మీద పెట్టాను. ఎదురు లాగలేదు. ఆయన లాగిన వైపే ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు. రెండో చేత్తో ఆయన మణికట్టు అందుకున్నాను, వేళ్ళు ఆనించాను.

నాడి పరిగెడుతోంది. అచ్చం మాస్టారిదిలాగే. నా నాడిలాగే.

ఇన్నేళ్ళు ఆయన చేతికి బీపీ పట్టీ కట్టి యంత్రం అంకెలు రాశాను గానీ, ఆయనకి ఇంత భయంగా ఉంటుందని నాకు తట్టనే లేదు.

"భయంగా ఉందా బాబాయిగారూ?"

ఆయన ఆగారు. నన్నెప్పుడూ చూడనట్టు చూశారు.

"నీకు?" అన్నారు.

"ఉందండీ. చాలా."

ఆయన నా చెయ్యి వదల్లేదు. కానీ పట్టు కొంచెం వదులైంది. "అయితే కలిసే వెళదాం పద. ఒక్కదానివి ఎక్కలేవు" అన్నారు.

కిటికీ దగ్గరి బెంచీ మీద ఇద్దరం కూర్చుని ఆ రైలు కోసం ఎదురుచూశాం.