వంకలో గుడారం

నడక సంగతి విష్ణువర్ధన్‌కు ఎవరూ నేర్పనక్కరలేదు. వజ్రకరూరు దగ్గర ముప్పై ఎకరాల మెట్ట సేద్యం చేసే రైతు కదా! ఆస్ట్రేలియాలో ఉంటున్న చెల్లెలు వనజాక్షి కూడా అదే అనుకుంది. అయినా ఒక మాట అడిగింది.

"కొండల్లో రెండు దినాలు నడుస్తామన్నా. రాత్రికి గుడారంలోనే పండుకునేది. నీకు చేతనైతాదా?"

"సేద్యం చేసేవోనికి నడక నేర్పిస్తావా వనజా?" అని నవ్వాడు విష్ణువర్ధన్. చేనికి బండి మీద పోతాడనీ, టీ అంగడికి బండి మీద పోతాడనీ, నాలుగిళ్ళ అవతల ఉన్న పాలకేంద్రానికి కూడా బండి తీయనిదే పోడనీ చెప్పలేదు. అడగని సంగతులు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

అసలు ఆయన అడిలైడ్ దాకా వచ్చింది కొండల కోసం కాదు, మేనకోడలు ఆశ్రిత కోసం. పధ్నాలుగేళ్ళ పిల్ల. మూడేళ్ళప్పుడు ఒకసారి ఊరికి వచ్చింది, అంతే. డిసెంబరు సెలవులకు తీసుకురమ్మంటే, "దాన్నే అడుగన్నా. బలవంతాన తెస్తే వచ్చినన్ని దినాలూ మొగం మాడ్చుకోనుంటాది" అని వనజాక్షి తప్పుకుంది. ఆయన పదిహేను రోజులుగా ఆ పిల్ల ముందు ఊరిని పొగుడుతూనే ఉన్నాడు. బత్తాయిలు కాసే చీనీ తోట గొప్ప. వజ్రాలు దొరికే నేల అంతకన్నా గొప్ప. ఇక వేరుశెనక్కాయల రుచి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పిల్ల ఇయర్‌ఫోన్లు తీయకుండానే తలాడించేది. ఎల్లుండే విమానం. ఈ నడకలోనైనా దాని నోట 'వస్తాను' అన్న మాట వినకపోతే వచ్చిన పని గోవిందా!

మొదటి కిలోమీటరు దర్జాగానే నడిచాడు. రెండో కిలోమీటరులో కొత్త బూట్లు మడమల తోలు ఒలిచేశాయి. ఆ తర్వాత కనిపించిన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ఆకు తుంచి పరీక్షగా చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకున్నాడు.

"మామా, ఇది కూడా యూకలిప్టసే" అంది ఆశ్రిత నాలుగోసారి. గుడారం సంచి మోస్తున్నది ఆ పిల్లే.

మూడు గంటలప్పుడు కొండల నడుమ ఒక వంక కనిపించింది. చుక్క నీరు లేదు, మెత్తటి ఇసుక. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. దేశంగాని దేశంలో తనకు బాగా తెలిసినదొకటి ఎదురుపడింది మరి!

"ఈడ ఏస్తాం గుడారం."

"వద్దు మామా. నీళ్ళొస్తాయి" అంటూ ఆశ్రిత గట్టు మీది బోర్డు చూపించింది. అలల్లో మునిగిపోతున్న మనిషి బొమ్మ ఉంది దాని మీద.

విష్ణువర్ధన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "యాడ పాపా నీళ్ళు? మబ్బు తునక లేదు. మా ఊర్లో జాతర బువ్వలు వంకలోనే పెడతాం. పోయిన ఎలక్షన్లకు వంకలోనే వెయ్యి కుర్చీలేసి మీటింగు పెట్టినా. నేల సంగతి నాకు చెప్తావా?"

ఆశ్రిత తల్లి వైపు చూసింది. వనజాక్షి, "మామకు తెలుసులేమ్మా" అంటూనే స్టవ్వూ బియ్యం సంచీ తీసుకుని గట్టు మీదే కూలబడింది. పిల్ల గుడారం సంచి ఆయన కాళ్ళ దగ్గర పడేసి తానూ గట్టెక్కింది.

అరగంట కుస్తీ పడితే గుడారం ఒక పక్కకు ఒరిగి నిలబడింది. బూట్లు విప్పి అందులో పెట్టి, ఇసుకలో నడుం వాల్చాడు. కన్ను మూతపడుతుండగా ఏదో హోరు వినిపించింది. గాలి అనుకున్నాడు. లేచి చూస్తే వంక మలుపులోంచి ఎర్రటి నీళ్ళు పుల్లలనూ ఆకులనూ నెట్టుకుంటూ వస్తున్నాయి. పైన ఎక్కడో కొండల్లో వాన కురిసినట్టుంది.

బుద్ధున్నవాడు గట్టుకు పరిగెత్తుతాడు. విష్ణువర్ధన్ నీళ్ళకు ఎదురుపోయాడు.

"వనజా! వంక పారుతాండాది! చూడే, వంక పారుతాండాది!" అని కేకలు పెడుతూ వంగి, దోసిలితో నీళ్ళెత్తి నెత్తిన పోసుకున్నాడు. సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. గుడారం లేచి, బూట్లతో సహా ఆయన పక్కనుంచే తేలిపోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. అప్పటికీ కదల్లేదు. ఆశ్రిత దూకి వచ్చి చొక్కా పట్టి ఈడ్చింది.

"బుద్ధుండాదా మామా నీకు? రా బయటికి!"

ఇద్దరూ పాక్కుంటూ గట్టెక్కారు. చూస్తుండగానే గుడారం వేసిన చోట నీళ్ళు నిలువెత్తయ్యాయి. బూట్లు పోయినందుకు ఆయనకు విచారం లేదు. పిల్లను కూడా ముంచేవాణ్ణే అనుకునేసరికి సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నీళ్ళొస్తాంటే ఎందుకు నిలబడినావు?" ఆశ్రిత ఏడుస్తూ అడిగింది.

ఎప్పుడూ నాలుక చివర ఉండే గొప్ప ఆ వేళ రాలేదు.

"మా వంక పారి తొమ్మిదేండ్లయింది పాపా. నీళ్ళొస్తే ఊరంతా పసుపూ కుంకుమా తీసుకోని ఎదురుపోతాం. పారిపోవల్లని నాకు తెలీలే."

"మరి చీనీ తోట?"

"ఎండిపోయింది. ఏడు బోర్లేసినా, అన్నీ బండలే."

"వేరుశెనక్కాయలు?"

"పోయినేడు విత్తనం గూడా తిరిగి రాలేదు."

పదిహేను రోజులు కట్టిన కోట రెండు నిమిషాల్లో కూలింది. ఇక పిలవడానికి మొహం కూడా లేదనుకున్నాడు. ఆశ్రిత తన బూట్లు విప్పి నీళ్ళు ఒంపింది.

"డిసెంబర్లో వస్తా" అంది.

ఆయన నమ్మలేదు. "వచ్చి ఏం చూస్తావు పాపా? ఆడ ఏమీ లేదని చెప్తాండా గదా."

"అదే చూడల్ల మామా. ఏమీ లేకుండా మీరు ఎట్లుంటారో."

ఎండిన వంకలు మీ దేశంలోనూ ఉన్నాయి కదా అనబోయి, పిల్ల ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విష్ణువర్ధన్ నోరు మూసుకున్నాడు.