కమలమ్మ పదకొండు ప్రశ్నలు

నేను రోజూ నిజామాబాద్‌లో బస్సెక్కి బోధన్ వచ్చి స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. నా క్లాసుకు వచ్చేవాళ్లంతా ఇంటర్వ్యూల భయం పట్టుకున్న డిగ్రీ పిల్లలే. కిందటి ఎండాకాలం యాభై ఐదేళ్ల కమలమ్మ గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొస్తే, మనవడిని చేర్పించడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె నేరుగా వెళ్లి ముందు బెంచీ మీద కూర్చుంది.

"నాకే నేర్పాలె టీచరమ్మా. పెద్ద పెద్ద మాటలొద్దు. ఆరేండ్ల పోరితోటి మాట్లాడేటంత వస్తె సాలు" అంది.

ఆ పోరి పేరు కావ్య. తల్లిది కేరళ, తండ్రిది ఒడిశా. ఇద్దరూ చెరుకు పంట మీద పరిశోధన చేసే ఉద్యోగులు. బోధన్ శక్కర్‌నగర్‌లో అద్దెకుంటూ, పది నెలల పిల్లను కమలమ్మ చేతిలో పెట్టి పొద్దున్నే పొలాల మీదికి వెళ్లేవారు. నాలుగేళ్లు నిండేదాకా ఆ పిల్లకు స్నానం, అన్నం, నిద్ర అన్నీ కమలమ్మ దగ్గరే. అమ్మానాన్నలది ఇంగ్లీషు, పిల్లది మాత్రం అచ్చం బోధన్ తెలుగు. "గీడ కూసో అవ్వా, యాడికీ పోకు" అని కొంగు పట్టుకుని హుకుం జారీ చేసేదట. ఆ తర్వాత వాళ్లకు కోయంబత్తూరు బదిలీ అయింది.

మొదట్లో ఫోన్ చేస్తే పిల్ల ఒకటే ఏడుపు. కొత్త ఊరికి అలవాటు పడేదాకా కొన్నాళ్లు చెయ్యొద్దని మేడం, అంటే పిల్ల తల్లి, బతిమాలింది. కమలమ్మ సరేనంది. ఆ కొన్నాళ్లు కాస్తా ఏడాదిన్నర అయ్యాయి. మళ్లీ చేసిన రోజు పిల్ల గడగడా ఇంగ్లీషులో ఏదో అడిగి, ఇటునుంచి జవాబు రాకపోయేసరికి ఫోన్ తల్లికి ఇచ్చేసింది. తెలుగు ముక్క మిగల్లేదు.

"నా బిడ్డ ఏమడిగిందో నాకు ఎర్కలేకపాయె" అంది కమలమ్మ. "ఇప్పటికీ సాయంత్రం నాలుగు కొట్టంగనె పాలు కలపనీకె లేస్త టీచరమ్మా. లేసినంక యాదికొస్తది, ఇంట్ల పిల్ల లేదని."

నా బిడ్డ అనడం నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. జీతానికి పెంచిన పిల్లే కదా అనుకున్నాను. అప్పటికి నా బుర్ర అంతే పనిచేసింది.

ఆమెకు ఇంగ్లీషు బొత్తిగా రాదనడానికీ లేదు. బకెట్, కుక్కర్, టవల్, చార్జర్, స్విచ్, ఫ్రిజ్... అడిగితే వంద మాటలు చెప్పింది. అన్నీ సామాన్లే. సామాన్లతో ఇల్లు నడుస్తుంది గానీ పిల్లను పలకరించలేం కదా.

నాకో చాదస్తం ఉంది. ఏది మాట్లాడినా పూర్తి వాక్యంలో మాట్లాడాలంటాను. కమలమ్మ అడిగేవేమో వేరే. "నా మీద అలిగినవా అని ఎట్లడగాలె?" అంది ఒకరోజు.

"ఆర్ యూ యాంగ్రీ విత్ మీ?"

"యాంగ్రీ అంటె కోపం గాదా? అలిగినోళ్లను బుజ్జగిస్తె ఒళ్లెకొస్తరు. కోపం గట్ల గాదు బిడ్డా."

"ఇంగ్లీషుల గంతే పెద్దమ్మా, రాసుకో" అని కసిరాను. హౌ ఆర్ యూ నేర్పితే, దవఖానలో డాక్టర్ అడిగినట్టున్నదంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. తల వంచుకుని రాసుకుంది.

మూడు నెలలు ఒక్క రోజు నాగా పెట్టలేదు. "గిన్నెలు తోముకుంట డూ యూ లైక్ అంటది. ఎవలన్న సూస్తె పిచ్చి లేసిందనుకుంటరు" అని ఆమె చెల్లెలు సువర్ణ నా దగ్గర మొరపెట్టుకుంది. చివరికి పదకొండు ప్రశ్నలు తయారయ్యాయి. తడబడకుండా వచ్చేదాకా రుద్ది రుద్ది నేర్పాను.

ఆదివారం పొద్దున పదకొండింటికి వీడియో కాల్ చెయ్యమంది మేడం. కమలమ్మ చర్చి నుంచి నేరుగా నా క్లాసుకే వచ్చింది. కొంగుతో ముఖం రెండుసార్లు తుడుచుకుంది. ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి నిలబెట్టి, నేను కనబడకుండా పక్కన కూర్చున్నాను.

"కావ్యా, సే హలో టు కమలమ్మ" అని మేడం ఫోన్ పిల్లకిచ్చి అవతలికి వెళ్లిపోయింది. ముందు పళ్లు ఊడిన పిల్ల తెర మీదికొచ్చింది. కమలమ్మ ముందుకు వంగి తెరనే చూస్తోంది. మోచేత్తో పొడిచాను.

"హౌ ఆర్ యూ, కావ్యా?"

"అయామ్ ఫైన్, థాంక్యూ."

"డిడ్ యూ హ్యావ్ యువర్ బ్రేక్‌ఫాస్ట్?"

"యెస్. ఇడ్లీ."

ఒకటొకటే ప్రశ్న వెళ్తోంది, ఒకటొకటే జవాబు వస్తోంది. నేను వేళ్లు మడుస్తూ లోపల్లోపల పొంగిపోతున్నాను. ఒక్క తప్పు లేదు! పిల్ల చేతులు కట్టుకుని నిలబడి జవాబులు చెబుతోందని ఆలస్యంగా గమనించాను.

"ఆర్ యూ యాంగ్రీ విత్ మీ?"

"నో. వై?" అంది పిల్ల ఆశ్చర్యంగా.

ఆ 'వై'కి ఏం చెప్పాలో నేను నేర్పలేదు. కమలమ్మ గబగబా చివరి ప్రశ్నకు దూకింది. "డూ యూ రిమెంబర్ మీ?"

పిల్ల తల పక్కకు వంచి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత మర్యాదగా అడిగింది. "ఆర్ యూ మై న్యూ టీచర్?"

కమలమ్మ నా వైపు తిరిగింది. నో అనమని సైగ చేయబోయి ఆగిపోయాను. నో అన్నాక ఏమనాలి? తల్లి కాదు, అమ్మమ్మ కాదు. పనిమనిషిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు, కానీ ఆ మాట ఆమెతో అనిపించలేను. ఇంకే మాటా తట్టలేదు. ఇన్నేళ్లుగా ఈ భాష చెప్పుకునే బతుకుతున్నందుకు సిగ్గేసింది.

"యెస్" అంది కమలమ్మ. "ఐ యామ్ యువర్ న్యూ టీచర్."

"ఓకే టీచర్. విల్ యూ కమ్ నెక్స్ట్ సండే?"

"యెస్. ఐ విల్ కమ్."

ఫోన్ పెట్టేశాక ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చింది నేను. "నాదే తప్పు పెద్దమ్మా, పరీక్షకు నేర్పినట్టు నేర్పిన. మేడంకు ఫోన్ చేస్త. నువ్వెవరో పాపకు మంచిగ చెప్పమంట."

"వద్దు బిడ్డా. నేనెవలో యాదికొస్తె మల్ల ఏడుస్తది. టీచరైతె ఏడ్వదు గదా. వారం వారం కండ్లార సూసుకుంట."

కమలమ్మ నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది. "గివి అయిపోయినయ్. ఆదివారానికి కొత్తయి నేర్పు. టీచర్‌కు తప్పులు రావద్దు."