మూడో బెంచీ చివరి చోటు

ఆదివారం పొద్దున పెద్దమ్మ చర్చికి వచ్చేసరికి తాళాలు తీసే మనిషి ఇంకా పళ్ళు తోముకుంటూ ఉంటాడు. "తాళంచెవి ఇటు పడేయ్ నాయనా, నేనే తీసుకుంటాలే" అని ఆవిడే తలుపు తీసుకుని లోపలికెళ్తుంది. మూడో బెంచీ చివర, నడిచే దారి పక్కనున్న చోటుని రుమాలుతో తుడుస్తుంది. కూర్చుంటుంది. చేతిసంచి పక్కన పెట్టుకుంటుంది. ఇక ఆవిడ ఆ చోటు వదిలిందంటే పూజ అయిపోయినట్టే లెక్క.

ఆ చోటు ఆవిడ పెనిమిటిది. ఆయన కరెంటు పనివాడు. చర్చిలో ఫ్యాన్లూ లైట్లూ ఆయన చేతి చలవే. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని కూర్చుని చెక్క మీద చిన్న గుంట చేసి మరీ వెళ్ళిపోయాడు. ఆయన పోయిన వారమే పెద్దమ్మ లోపలి చోటులోంచి ఆ గుంటలోకి జరిగింది. ఇక కదిలితే ఒట్టు.

ఆవిడొక్కర్తినే అనడం అన్యాయం. నాలుగో బెంచీ చివర దర్జీ, రెండో బెంచీ చివర హార్మోనియం మాస్టారి భార్య, ఇలా బెంచీకొకరు, కోట గుమ్మానికి కాపలా ఉన్నట్టు. లోపలంతా ఖాళీయే. వెళ్ళాలంటే వాళ్ళ మోకాళ్ళు దాటుకుని వెళ్ళాలి. వాళ్ళు మోకాళ్ళు పక్కకి తిప్పుతారు గానీ మనిషి జరగరు.

రోడ్డు మీంచి చూస్తే చర్చి ఎప్పటిలాగే ఉండేది. టైర్ల కొట్టుకీ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య నిండుగా, ఠీవిగా. లోపలే చిక్కిపోయింది. పాత కుటుంబాలు ఒక్కొక్కటే నగరం అంచున కొత్త ఇళ్ళకి వెళ్ళిపోతుంటే, వెళ్ళినప్పుడల్లా గోడలు ఇంత లోపలికి వచ్చేవి. గోడలతోపాటే బెంచీలూ పొట్టివయ్యేవి. "కొత్త నూలుగుడ్డ ఉతికితే ఇంతే" అనేవాడు దర్జీ. సిలువ మార్గం పటాలు పద్నాలుగూ రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకున్నాయి. పాపసంకీర్తనం పెట్టె ముందు బెంచీ పక్కకి వచ్చేసింది. చెప్పేది అందరికీ వినపడుతోందని జనం చిన్నచిన్న పాపాలతోనే సరిపెట్టుకునేవారు. కుడివైపున్న పక్క తలుపు ఎప్పుడో గోడలోకి వెళ్ళిపోయింది. దాని పక్కనే పెద్దమ్మ పెనిమిటి తన చేత్తో బిగించిన టేకుచెక్క స్విచ్చిబోర్డు ఉండేది, అదీ పోయింది. దాంతో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఏం చేస్తారు, ఎవరి విసనకర్ర వాళ్ళు తెచ్చుకున్నారు.

అలాంటి చోటికి ఓ కొత్త ఫాదరు వచ్చాడు. కుర్రవాడు. మోటారుసైకిలు ఆగకముందే ఆయన నోట్లోంచి ఆలోచనలు దిగేవి. వచ్చిన వారంలోనే విచారణ పెద్దల్ని, అంటే ఈ చర్చి కిందికొచ్చే కుటుంబాల పెద్దల్ని, కూర్చోబెట్టి, ఈ విచారణకి మళ్ళీ ప్రాణం పోయాలి, అందుకు కొన్ని లక్ష్యాలు పెట్టుకుందాం అన్నాడు. దర్జీ తెల్లగుడ్డ కుట్టి తెచ్చాడు. దాని మీద ఫాదరు రంగుతో రాసి, వెనకాల ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టించాడు. "ఈ వీధుల్లో బతికే ప్రతి మనిషికీ ఇక్కడ చోటుండాలి" అన్నది మొదటిది. వారం తిరిగేసరికి గోడలు ఇంకాస్త జరిగి, గుడ్డ ముడతలు పడి, ఆ మొదటి లక్ష్యంలో సగం మడతలోకి పోయింది.

ఆ నెల్లోనే బిషప్పుగారి దగ్గర్నుంచి ఓ పెద్ద ఫాదరు వచ్చారు. జేబులో ఎప్పుడూ ఇనుప టేపు ఉంటుంది కాబట్టి ఆయన్ని ఎక్కడికెళ్ళినా టేపు ఫాదరే అంటారు. మంచి మనిషి. గోడ నుంచి గోడకి కొలిచి, టేపు లోపలికి చుట్టుకుంటూ నిట్టూర్చారు.

"విచారణ అన్నాక వందమందైనా కూర్చోవాలి కదా. ఇక్కడ పట్టుమని ముప్ఫై మంది పట్టరు. వచ్చే నెల చివరి ఆదివారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇంతే ఉంటే తాళం వేసి, వంతెన అవతలి విచారణలో కలిపేయక తప్పదు."

"మరి నా చోటు?" అంది పెద్దమ్మ.

"అక్కడ మంచి కుర్చీలున్నాయమ్మా. మెత్తటివి, వీపుకి ఆసరా ఉన్నవి."

"నా వీపుకేం వచ్చింది ఫాదరుగారూ. అవి మా ఆయన కూర్చున్న కుర్చీలు కావుగా."

టేపు ఫాదరు టేపు జేబులో వేసుకున్నారు. తల ఊపి వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంట్లో ఆయన చొక్కాలు పంచేసింది, పనిముట్లు ఇచ్చేసింది. మిగిలింది ఆ గుంటొక్కటే.

ఇక చూడాలి హడావిడి. టైర్ల కొట్టతను లారీలు లేపే జాకీ తెచ్చి, బెంచీకీ గోడకీ మధ్య అడ్డంగా పెట్టి తిప్పాడు. బెంచీ కిర్రుమంది, జాకీ జారి దర్జీ కాలి పక్కన పడింది, గోడ మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

"గోడలకి చెవులుంటాయంటారు" అన్నాడు దర్జీ, "సిగ్గూ శరమూ ఉండవు కాబోలు."

"నీ పొట్ట లోపలికి లాక్కుంటే కాస్త చోటు దొరుకుతుందేమో చూడు మరిదీ" అంది పెద్దమ్మ.

"నువ్వు ఆ సంచి ఒళ్ళో పెట్టుకో వదినా, ఇద్దరు పడతారు."

ఫాదరు వీధి వీధీ తిరిగాడు. ఆస్పత్రి నర్సుల్ని, లాడ్జీ గదుల్లో వంతులవారీగా నిద్రపోయే కూలీల్ని, సరుకులు ఇంటింటికీ చేరవేసే కుర్రాళ్ళని పేరుపేరునా పిలిచాడు. వాళ్ళు రాకపోలేదు, వచ్చారు. వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, చల్లగా జారుకున్నారు. ఓ సరుకుల కుర్రాణ్ణి ఫాదరు మెట్ల మీద పట్టుకున్నాడు.

"ఏమయ్యా, వెళ్ళిపోతున్నావేం?"

"లోపల ఖాళీ లేదండీ."

"బెంచీలన్నీ ఖాళీయే కదయ్యా."

"ప్రతి బెంచీ మొదట్లోనూ మనుషులున్నారు కదండీ" అని హెల్మెట్ పెట్టుకున్నాడు అతను.

ఫాదరు ఆ మాట వారమంతా నమిలాడు గానీ మింగుడు పడలేదు.

చివరి ఆదివారం రానే వచ్చింది. టేపు ఫాదరు పూజకి ముందే కొలిచారు. పోయినసారి కంటే జానెడు తగ్గింది. "పూజ కానివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం" అని, ఇంకోసారి చూసుకుందామని టేపు ఓ కొన హార్మోనియం మాస్టారి చేతికిచ్చి కుడి గోడకి ఆనించమన్నారు, తను ఎడమ గోడ దగ్గర నిలబడ్డారు. వాళ్ళు అలా కొలుస్తుండగానే కుర్ర ఫాదరు పూజ మొదలెట్టేశాడు. సంగతి వీధంతా పాకింది కాబట్టి, కడసారి చూద్దామని గుమ్మం దగ్గర జనం బాగానే మూగారు. లోపల ఉక్క. విసనకర్రలు టపటపమంటున్నాయి.

బైబిల్లోంచి మొదటి పఠనం చదువుతుండగా ఓ ఆయా లోపలికొచ్చింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. ఒక్కో బెంచీ చూసుకుంటూ వచ్చి మూడో బెంచీ దగ్గర ఆగింది. పెద్దమ్మ అలవాటు కొద్దీ మోకాళ్ళు పక్కకి తిప్పింది. ఆయా ఆ సందు వంకా, భుజం మీద బిడ్డ వంకా చూసుకుంది. దాటే ఓపిక లేదు. "ఫర్వాలేదండీ" అని అక్కడే నిలబడింది.

పెద్దమ్మ కళ్ళు పీఠం మీద పెట్టింది గానీ మనసు పెనిమిటి మీదికి పోయింది. ఆయన బతికున్న రోజుల్లో ఒక్క పూజన్నా కుదురుగా కూర్చున్నాడా? ఫ్యాను ఆగితే లేచేవాడు. లైటు మిణుకుమంటే లేచేవాడు. ఆలస్యంగా ఎవరొచ్చినా, "రండి రండి" అంటూ లేచేవాడు. "ముళ్ళ మీద కూర్చున్నట్టు ఏమిటండీ అది" అని తనే ఎన్నిసార్లు విసుక్కుందో. చివర కూర్చునేది లేవడానికి వీలుగా ఉంటుందని కదూ. తనేమో లేవకుండా ఉండటానికి కూర్చుంది.

పెద్దమ్మ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గుంటలోంచి లేచి, లోపలికి జరిగింది.

"ఇలా కూర్చో తల్లీ. పిల్లని పడుకోబెట్టు."

ఆయా కూర్చుని పక్కనే బిడ్డని దించింది. ఆ గుంటలో బిడ్డ తల కొలత తీసి చేసినట్టు ఇమిడింది.

అప్పుడు కుడివైపు గోడ, బరువైన బీరువాని జరిపినప్పటి చప్పుడుతో, పెద్దమ్మ ఎంత జరిగిందో అంతా అవతలికి జరిగింది.

అందరికంటే ముందు చూసింది వెనక బెంచీలోని దర్జీ. దర్జీ కదా, కొలత కంటికే తెలిసిపోతుంది. గోడ వంక చూశాడు, వదిన వంక చూశాడు, తన చోటు వంక చూసుకున్నాడు. గొంతు సవరించుకుని లోపలికి జరిగి, గుమ్మం వైపు చెయ్యి ఊపాడు. సరుకుల కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. గోడ ఇంకాస్త జరిగింది. హార్మోనియం మాస్టారి భార్య జరిగింది. ఆవిడ వెనక ఇద్దరు నర్సులు. ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. "ఇటు రండి", "ఇక్కడ చోటుంది", "సర్దుకుందాం రండి", అంతటా ఇవే మాటలు. చదివేవాళ్ళు పఠనం ఆపి మళ్ళీ మొదలెట్టాల్సి వచ్చింది. బెంచీలు పాకం తీగలా సాగాయి. సిలువ మార్గం పటాలు ఒకదాన్నొకటి వదిలి, ఊపిరి పీల్చుకుని, ఎవరి చోటికి అవి పోయాయి. పాపసంకీర్తనం పెట్టె మర్యాదగా మూలకి వెళ్ళింది.

వెనకాల కట్టిన లక్ష్యాల గుడ్డ ముందు ముడతలు విప్పుకుంది, తర్వాత బిగుసుకుంది, ఆ తర్వాత నిలువునా చిరిగింది. కుట్టినవాడు దర్జీయే అయినా, అంత సంతోషంగా చిరుగుని చూసిన దర్జీ ఇంకోడు ఉండడు. టేపు ఫాదరు చేతిలో డబ్బీ గిర్రున తిరిగింది. టేపంతా బయటికొచ్చింది. అయినా గోడ ఆగలేదు. డబ్బీ ఆయన చేతిలోంచి ఎగిరి నేలమీద గంతులేసుకుంటూ హార్మోనియం మాస్టారి వెంట పోయింది. ఆయన ఉత్త చేతులు చూసుకుంటూ నిలబడితే, దర్జీ ఇంకాస్త జరిగి, "నిలబడ్డారేం, కూర్చోండి" అన్నాడు. టేపు ఫాదరు కూర్చున్నారు. కూర్చుని చుట్టూ చూశారు. "తాళం సంగతి ఇక ఎత్తను" అన్నారు మెల్లగా.

మూడో బెంచీలోకి జనం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకల్లా పెద్దమ్మ ఇంకొంచెం, ఇంకొంచెం లోపలికి జరుగుతూ పోయింది. ఆ గుంట ఎక్కడో దూరాన, జనం అవతల ఉండిపోయింది. చివరికి ఆవిడ భుజం గోడకి తగిలింది. ఆ గోడ కూడా ఆఖరిసారి ఓ మూర వెనక్కి జరిగి, పాత చోట నిలిచింది.

మొదట పక్క తలుపు గడియ కనపడింది. పక్కనే టేకుచెక్క బోర్డు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పగిలిన స్విచ్చి మీద ఆయన చుట్టిన నల్లటేపు అలాగే అంటుకుని ఉంది. అంత పెద్ద చర్చిలో, సరిగ్గా పెద్దమ్మ చేతికి అందే ఎత్తులో.

పీఠం దగ్గర కుర్ర ఫాదరు నుదుటి చెమట తుడుచుకుని, నిండిన బెంచీల మీదుగా అంత దూరం చూశాడు.

"పెద్దమ్మగారూ, ఆ ఫ్యాన్లు కాస్త వేస్తారా?"

పెద్దమ్మ రుమాలుతో బోర్డు తుడిచింది. ఆయన ఎలా లేచేవాడో అచ్చం అలాగే చటుక్కున లేచి, స్విచ్చులన్నీ వరసగా వేసింది. చర్చిలో ఈ చివర నుంచి ఆ చివరికి గాలి తిరిగింది.