కూర్చునేవాడి తొడనొప్పి

ఇరవై ఏళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటారు, నేను పక్క సీట్లో కూర్చుంటాను. వాళ్ళు ఆపలేకపోతే ఆపడానికి నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అంతకు మించి ఒళ్ళు వంచే పనేమీ లేదు. మరి కుడి తొడకి బయటిపక్క, తుంటి నుంచి మోకాలిదాకా ఈ లాగుడేమిటో అంతుబట్టలేదు.

పరుగెత్తేవాడికి వచ్చిందంటే సరే. కూర్చుని చేసే ఉద్యోగానికి ఇదేం పాడు నొప్పి? పరుపు మార్చాను, చెప్పులు మార్చాను, పర్సు పెట్టుకునే జేబు మార్చాను. బావమరిది నడుము వల్ల అన్నాడు. అక్క వయసు వల్ల అంది. ఆ మాటకి అక్కతో రెండు రోజులు మాట్లాడలేదు. వింతేమిటంటే, మా ఆవిడకు నేర్పిన రోజు నొప్పి రెట్టింపయ్యేది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో అందరికన్నా బాగా నడిపేది తనే!

తనకిది సరదా కాదు. కారు నడుపుకుంటూ ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసే నర్సు ఉద్యోగం వచ్చింది. గురువారం పరీక్షలో లైసెన్సు రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మంగళవారం ఫిజియోథెరపీ డాక్టరమ్మ తుంటి పక్కన వేలితో నొక్కింది. ప్రాణం పోయినంత పనైంది.

"పనిలో ఎలా కూర్చుంటారో చూపించండి."

కూర్చున్నాను.

"ఆ కాలు గాల్లో ఎందుకుంది?"

చూసుకుని తెల్లబోయాను. మడమ నేలకి ఆనలేదు.

"బ్రేకు కోసమండీ" అని నసిగాను.

"కాలెత్తి పట్టే కండరం ఇక్కడే ఉంది. రోజంతా దాన్ని బిగించే ఉంచితే ఎలా?"

వేడి కాపడం పెట్టమంది. గోడ పట్టుకుని నిలబడి, కుడికాలిని ఎడమకాలి వెనక్కి పెట్టి, ఎడమపక్కకి ఒంగి అరనిమిషం ఆగమంది. గంటకోసారి కారు దిగి నడవమంది. "మడమ ఆనించకపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు."

బుధవారం నేను డ్రైవింగు నేర్పే మైదానంలో మా ఆవిడకి చివరి పాఠం. మడమ ఆనించాను. పాదం ఊరుకుంటేనా? మోకాలిని చేత్తో నొక్కిపట్టాను.

ఆపాల్సిన చోట గీసిన సున్నపు గీత దాటి కారు ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. ఆవిడ ఇంజను ఆపి నా కాలివైపు చూసింది.

"ఇన్నాళ్ళూ గీత దగ్గర ఆపింది నేనా, మీరా?"

నువ్వే అనబోయి, మోకాలి మీదున్న నా చెయ్యి చూసుకున్నాను. "నిజంగా నాకూ తెలీదే."

"అంత చెడ్డగా నడుపుతున్నానా?"

"బాగానే నడుపుతావు. నీకేమన్నా అవుతుందేమోనని నాకే భయం."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధ కాదు, కోపం. "రేపు మీరు పక్కన ఉండరు. ఆపినా నేనే ఆపాలి, గుద్దినా నేనే గుద్దాలి. వెనక్కెళ్ళి కూర్చోండి."

వెళ్ళాను. కారు కదిలింది. అక్కడ బ్రేకు లేదు; మోకాలిని నొక్కిపట్టే పని లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.